ఫోన్‌కీ స్పీకర్‌కీ మధ్య పాట ఎక్కడ పోతోంది?

ఇయర్‌ఫోన్స్‌లో నిండుగా వినిపించిన పాట కారెక్కేసరికి చప్పబడిపోతుంది. తబలాలో దమ్ముండదు, వయొలిన్లు చెవిలో గుచ్చుకుంటాయి, పాడే మనిషి గొంతు డాష్‌బోర్డు కింద ఎక్కడో ఇరుక్కుపోతుంది. దీనికి మనవాళ్లు చేసే మొదటి పని స్పీకర్లు మార్పించడం, రెండోది డిక్కీలో వూఫర్ పెట్టించడం. యాక్సెసరీస్ దుకాణంలో అడిగినా ఇదే చెబుతారు, వాళ్లు అమ్మేవి అవే కాబట్టి. స్పీకర్లు మారిస్తే మేలు లేదని కాదు. కానీ ఫోన్‌లో ఉన్న ఫైలు చెవిదాకా రావాలంటే దాటాల్సిన మెట్లు చాలా ఉన్నాయి. పై మెట్టు దగ్గరే పాడైన పాటను కింద ఎంత ఖరీదైన స్పీకరూ బాగుచేయలేదు. పాడైంది పాడైనట్టే ఇంకా గట్టిగా వినిపిస్తుంది, అంతే.

పైగా కారు సంగీతం కోసం కట్టిన గది కాదు. హైవే మీద గంటకు 90, 100 కిలోమీటర్ల వేగంలో టైర్లు, గాలి, ఇంజిన్ కలిసి మామూలు కారు లోపల 65 నుంచి 70 డెసిబెల్స్ రొద ఉంటుంది. సీడీ నాణ్యత అని మనం చెప్పుకునే 16 బిట్ల రికార్డింగ్‌లో అతి సన్నని చప్పుడుకీ అతి పెద్ద చప్పుడుకీ మధ్య 96 డెసిబెల్స్ తేడా పడుతుంది. కింద 65 దాకా రొదే మింగేస్తే, పైన చెవి కాసేపు ఓర్చుకోగలిగింది 95 అనుకున్నా, పాటకు మిగిలింది 30 డెసిబెల్స్. ఆ రొదలో కూడా ఎక్కువ భాగం కింది స్థాయి గుర్రుమనే మోతే. అందుకే పార్కింగ్‌లో సరిపోయిన బేస్ టోల్‌గేట్ దాటాక కనబడదు. 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని మురిపించే హై-రెజల్యూషన్ ఫైళ్ల గురించి కారు విషయంలో నేను పెద్దగా పట్టించుకోనిది ఇందుకే. అవి తెచ్చే తేడా ఆ రొద కిందే ఉండిపోతుంది. రొదను మించి వినిపించే లోపాలు వేరే ఉన్నాయి, వాటి సంగతి చూడాలి.

ఫోన్‌ని కారుకి కలిపే దారులన్నిటిలో నాసిరకం ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే చిన్న పరికరం ఇది. సెకండ్‌హ్యాండ్ కార్లలో ఇప్పటికీ బాగా కనిపిస్తుంది. పాట ముందు బ్లూటూత్‌లో ఒకసారి నలిగి ఆ పరికరానికి చేరుతుంది. అది దాన్ని 87.5కీ 108 మెగాహెర్ట్జ్‌కీ మధ్య ఏదో ఒకచోట ప్రసారం చేస్తుంది, కారు రేడియో దాన్ని స్టేషన్‌గా పట్టుకుంటుంది. ఎఫ్ఎం స్టీరియోలో 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక పైలట్ సిగ్నల్ ఉంటుంది కాబట్టి సంగీతాన్ని 15 కిలోహెర్ట్జ్ దగ్గరే కోసేస్తారు. అది పెద్ద నష్టం కాదు, నలభై దాటిన చెవులకు ఆ పైన వినిపించేదీ తక్కువే. అసలు నష్టం బుసబుస, పక్క స్టేషన్ల చొరబాటు. హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3 ఇలా బ్యాండ్ నిండా స్టేషన్లే. ఖాళీ చోటు వెతుక్కుని బయల్దేరినా, నూరు కిలోమీటర్లు పోయాక అదే చోట ఇంకో ఊరి స్టేషన్ కూర్చుని ఉంటుంది. తప్పనిసరై ఇదే వాడేవాళ్లు చేయగలిగింది రెండు పనులు. దగ్గరి స్టేషన్‌కి కనీసం 0.4 మెగాహెర్ట్జ్ ఎడంగా ఉండే చోటు ఎంచుకోవాలి. ఫోన్ వాల్యూమ్ మరీ పూర్తిగా పెంచకుండా కొద్దిగా తగ్గించి పెట్టాలి, లేకపోతే ట్రాన్స్‌మిటర్ దగ్గరే గొంతు చీలిపోతుంది.

క్యాసెట్ డెక్ ఉన్న పాత బండి అయితే, క్యాసెట్ ఆకారంలోనే ఉండి టేపు బదులు చిన్న అయస్కాంతపు హెడ్ ఉండే అడాప్టర్ దొరికేది. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కన్నా అదే నయం. ఫిలిప్స్ 1963లో క్యాసెట్ తెచ్చినప్పుడు దాని నోట్లోంచి ఫోన్ పాడుతుందని ఎవరూ అనుకుని ఉండరు.

ఆక్స్ కేబుల్ దగ్గరికి వస్తే దారి శుభ్రంగానే ఉంటుంది. 3.5 మిల్లీమీటర్ల పిన్ను ఇటు ఫోన్‌కి, అటు స్టీరియోకి. 2016లో ఐఫోన్ 7 నుంచి ఆ చిల్లు పోయింది, తర్వాత చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పోయింది కాబట్టి ఇప్పుడు మధ్యలో ఒక చిన్న డాంగిల్ కావాలి. మరీ నాసిరకం డాంగిల్ కొంటే ఆక్స్ వల్ల వచ్చే మేలంతా అక్కడే పోతుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఫోన్ వాల్యూమ్ సగంలో ఉంచి స్టీరియో వాల్యూమ్ ముప్పావు దాకా తిప్పడం. అలా చేస్తే పాటతో పాటు వైర్లలోని బుస కూడా పెరుగుతుంది. ఫోన్ పూర్తి వాల్యూమ్‌కి ఒక మెట్టు కింద, మిగతాదంతా స్టీరియో నాబ్ మీద. మామూలు మాటే, కానీ బ్లూటూత్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

ఆక్స్ వాడేవాళ్లను వేధించేది వీ... అనే సన్నటి ఈల. ఆటోనగర్‌లో నేనెరిగిన ఒక ఎలక్ట్రీషియన్ ఈ ఫిర్యాదుతో ఎవరొచ్చినా స్క్రూడ్రైవర్ ముట్టుకోడు. "సార్, బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కండి" అంటాడు. ఇంజిన్ వేగంతో పాటు ఈల స్థాయి పైకి పోతే "ఇప్పుడు ఫోన్ ఛార్జర్ పీకండి" అంటాడు. పీకగానే నిశ్శబ్దం. "సిస్టం బాగానే ఉంది సార్" అని చెప్పి పంపించేస్తాడు. జరిగేది ఇది: బ్యాటరీ మైనస్ కారు బాడీకి కలిసి ఉంటుంది. ఫోన్‌కి ఛార్జర్ ద్వారా ఒక ఎర్త్ దారి, ఆక్స్ కేబుల్ ద్వారా స్టీరియో మీదుగా ఇంకో ఎర్త్ దారి ఏర్పడతాయి. ఆల్టర్నేటర్ పుట్టించే కరెంటు డయోడ్ల గుండా వచ్చినా పూర్తిగా చదునుగా ఉండదు, దానిలో అలలుంటాయి. ఆ అలలు ఈ రెండు దారుల మధ్య తిరిగి, పాట వైర్‌లోకి ఎక్కుతాయి. ఇంజిన్ జోరెక్కితే అలల జోరూ పెరుగుతుంది కాబట్టి ఈల స్థాయి మారుతుంది. మందు తేలికే. ప్రయాణంలో ఫోన్‌ని పవర్‌బ్యాంకుతో ఛార్జ్ చేసుకోవచ్చు. లేదా ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టొచ్చు. దానిలో రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి, పాటను పోనిచ్చి ఎర్త్ సంబంధాన్ని తెంచుతాయి. మరీ చవక రకంలో ఆ ట్రాన్స్‌ఫార్మర్లు చిన్నవై బేస్‌ని కొంత తినేస్తాయి, కొనేముందు డ్రమ్స్ గట్టిగా ఉన్న పాటతో విని చూడాలి. పాత స్టీరియోకి తగిలించే బ్లూటూత్ రిసీవర్లు కూడా కారు యూఎస్‌బీ నుంచి కరెంటు, ఆక్స్ ద్వారా పాట తీసుకుంటాయి కాబట్టి వాటికీ ఇదే జబ్బు వస్తుంది.

బ్లూటూత్ మీద ఉన్న చెడ్డపేరులో సగం అన్యాయం. పాట పంపే ప్రతి బ్లూటూత్ పరికరంలోనూ ఎస్‌బీసీ అనే కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) ఉండి తీరాలి, దాని మామూలు పైస్థాయి సెకనుకు 328 కిలోబిట్లు. ఆప్టెక్స్ 352, సోనీ వారి ఎల్‌డాక్ 990 దాకా పోతాయి. ఐఫోన్ మాత్రం ఎస్‌బీసీ, ఏఏసీ తప్ప వేరేవి మాట్లాడదు. ఫోన్‌లో ఎల్‌డాక్ ఉన్నా స్టీరియోలో లేకపోతే రెండూ కలిసి ఎస్‌బీసీకో ఏఏసీకో దిగిపోతాయి. ఆండ్రాయిడ్ డెవలపర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి చూస్తే ఏ కోడెక్ నడుస్తోందో తెలుస్తుంది. ఇంట్లో మంచి హెడ్‌ఫోన్స్‌లో ఈ తేడాలు పట్టుకోవచ్చు. కదిలే కారులో పట్టుకోగలిగేవాళ్లు చాలా కొద్దిమంది అని నా అభిప్రాయం.

బ్లూటూత్‌లో నిజంగా పాట చెడేది వేరేచోట. ఒకటి, ఫోన్‌లో మీడియా ఆడియో ఆగిపోయి కాల్ ఆడియో మాత్రమే ఆన్‌లో ఉండటం. కాల్స్ కోసం వాడే పాత పద్ధతి 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాన్నే మోస్తుంది. కొన్ని స్టీరియోలు, మరీ ముఖ్యంగా చవక అడాప్టర్లు, పాటను కూడా ఆ ఇరుకు గొట్టంలోంచే పంపిస్తాయి. పాట ఫోన్లో ఎవరో పాడి వినిపిస్తున్నట్టుంటే బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ కారు పేరు నొక్కి మీడియా ఆడియో ఆన్‌లో ఉందో లేదో చూడాలి. రెండోది ఈక్వలైజర్ మీద ఈక్వలైజర్. పాటల యాప్‌లో బేస్ బూస్ట్, ఫోన్ సెట్టింగ్స్‌లో ఇంకో సౌండ్ ఎఫెక్టు, స్టీరియోలో రాక్ అనే మోడ్. మూడూ ఒకే చోట పెంచుతాయి, డిజిటల్‌లో అంకెకు పైకప్పు ఉంటుంది, దాన్ని తగలగానే అల నెత్తి చదునైపోయి గరగర మొదలవుతుంది. స్పీకర్ పగిలిందని తెచ్చే కేసుల్లో కొన్నిటికి మందు ఫోన్లో బేస్ బూస్ట్ తీసేయడమే. ఈక్వలైజర్ ఒక్కచోటే ఉండాలి, అది స్టీరియోలో ఉండాలి. పెంచడం కన్నా తగ్గించడంతో పని జరుపుకోవాలి. బేస్ చాలడం లేదనిపిస్తే మధ్య స్థాయిని రెండు మెట్లు దించి, మొత్తం వాల్యూమ్ పెంచితే అదే ఫలితం గరగర లేకుండా వస్తుంది.

యూఎస్‌బీ వైరుతో కలిపితే ఈ గొడవల్లో చాలావరకు ఉండవు. 2014లో యాపిల్ కార్‌ప్లే, మరుసటి ఏడాది ఆండ్రాయిడ్ ఆటో వచ్చాక పాట వైరులో డిజిటల్‌గానే స్టీరియో దాకా పోతుంది. వైర్‌లెస్ కార్‌ప్లేలో కూడా పాట నడిచేది వైఫై మీద, బ్లూటూత్ ముందు పరిచయం చేసి పక్కకు తప్పుకుంటుంది. వైరు విషయంలో ఒక చిన్న జాగ్రత్త: ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు మార్కెట్లో బోలెడు, వాటిలో డేటా తీగలే ఉండవు. స్టీరియో ఫోన్‌ని గుర్తించడం లేదంటే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే. పెన్‌డ్రైవ్ వాడేవాళ్లు దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసుకుంటే ఎక్కువ స్టీరియోలు చదువుతాయి.

ఇప్పుడు ఫైలు సంగతి. మెమరీ కార్డు ఇస్తే మొబైల్ షాపువాడు పాటలన్నీ నింపి ఇచ్చే రోజుల్లో పోగైన సరుకు ఇంకా చాలామంది పెన్‌డ్రైవుల్లో తిరుగుతోంది. 128 కిలోబిట్ల ఎంపీ3లు, వాటిలో కొన్ని అంతకన్నా తక్కువ వాటి నుంచి పెంచి మార్చినవి. ఫైలు మీద 320 అని రాసి ఉన్నంత మాత్రాన పోయిన తాళాల మెరుపు తిరిగి రాదు. సీడీలో సెకనుకు 1411 కిలోబిట్లు ఉన్నదాన్ని 128కి కుదించినప్పుడు ముందుగా బలయ్యేవి తాళాలు, చప్పట్లు, వేణువు ఊపిరి. వాటి చుట్టూ నీళ్లు కదులుతున్న చప్పుడొకటి చేరుతుంది. ఇది మాత్రం రోడ్డు రొదలో కూడా వినిపిస్తుంది. యూట్యూబ్ వీడియో పెట్టుకుని తెర ఆపేసి వినేవాళ్లకు వచ్చేది కూడా దాదాపు ఈ కోవలోదే, కోడెక్ కొత్తది కాబట్టి ఎంపీ3 కన్నా కొంత మెరుగు. స్ట్రీమింగ్ యాప్‌లు 2019లో స్పాటిఫై భారత్‌కి వచ్చేనాటికే ఇక్కడ అలవాటైపోయాయి గానీ, వాటి సెట్టింగ్స్ తెరిచి చూసేవాళ్లు తక్కువ. స్పాటిఫైలో నార్మల్ అంటే 96 కిలోబిట్లు, హై అంటే 160, వెరీ హై అంటే 320. వైఫైకి వేరుగా, మొబైల్ డేటాకి వేరుగా పెట్టుకోవాలి. ఆటోమేటిక్‌లో వదిలేస్తే సిగ్నల్ పల్చబడిన ప్రతిచోటా నాణ్యత జారుతుంది. వినాలనుకున్నవి ఇంట్లో వైఫై మీద వెరీ హైలో డౌన్‌లోడ్ చేసుకుని బయల్దేరితే నల్లమల ఘాట్‌లో కూడా పాట తెగదు. ఒక పాట నెమ్మదిగా, తర్వాతిది అదిరిపడేట్టుగా వచ్చే బెడదకు యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ ఉంటుంది, కారులో అది ఆన్‌లో ఉండటమే మంచిది. నాబ్ మాటిమాటికీ తిప్పే పని తప్పుతుంది, కళ్లు రోడ్డు మీద ఉంటాయి.

పాత పాటల అభిమానులకు వేరే లెక్క ఉంది. ఘంటసాల పాటలు దాదాపుగా అన్నీ మోనో రికార్డింగులు. వాటికి సరౌండ్, వర్చువల్ స్టేజ్ లాంటి మోడ్‌లు తగిలిస్తే మధ్యలో నిలబడాల్సిన గొంతు కారంతా చెల్లాచెదురవుతుంది. ట్రెబుల్ పెంచితే గొంతులో స్పష్టత కన్నా వెనక ఉన్న బుస ఎక్కువ పెరుగుతుంది. అన్ని ఎఫెక్టులూ తీసేసి, ఈక్వలైజర్ చదునుగా పెట్టి వినడమే వాటికి మర్యాద. పైగా మోనో పాట ఒక మంచి పరీక్ష సాధనం. ముందు రెండు స్పీకర్లూ సరిగా కలిపి ఉంటే గొంతు ఒకే చోట, గట్టిగా నిలబడాలి. అలా కాకుండా గొంతుకు చోటు లేకుండా రెండు తలుపుల నుంచీ పల్చగా వస్తూ, బేస్ కూడా మాయమైతే, ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తిరగబడ్డాయన్నమాట. ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తున్నప్పుడు రెండోది వెనక్కి లాగుతుంటే బేస్ రెండిటి మధ్యా కొట్టేసుకుంటుంది. స్పీకర్లు మార్పించాక ముందుకన్నా దరిద్రంగా ఉందని వాపోయేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. స్పీకర్ విప్పి, దాని వైర్లు తీసి, గోడ గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకిస్తే, ప్లస్ ప్లస్‌కి తగిలినప్పుడు కోన్ బయటికి కదులుతుంది. దాన్నిబట్టి వైర్లు సరిచేసుకోవచ్చు.

కూర్చునే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. మన కార్లలో డ్రైవర్ కుడిపక్కన ఉంటాడు కాబట్టి కుడి తలుపు స్పీకర్ మోకాలి పక్కనే, ఎడమది దాదాపు 60 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో. శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది, అంటే ఎడమ నుంచి వచ్చేది 1.7 మిల్లీసెకన్లు ఆలస్యం. ఇంత చిన్న తేడాకే చెవి మోసపోయి పాటంతా కుడి తలుపులోంచే వస్తోందని నమ్ముతుంది. టైమ్ అలైన్‌మెంట్ ఉన్న స్టీరియోలో కుడి స్పీకర్‌ని అంత ఆలస్యం చేస్తే గొంతు డాష్‌బోర్డు మీదికి ఎక్కుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క సెట్టింగ్ ఇచ్చే ఆనందం కొత్త స్పీకర్లు కూడా ఇవ్వవు. అది లేని స్టీరియోలో బ్యాలెన్స్ రెండు మూడు మెట్లు ఎడమకు, ఫేడర్ రెండు మెట్లు ముందుకు. వెనక సీట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడు ఫేడర్ మళ్లీ మధ్యకు తేవాల్సిందే, మన సుఖం కోసం అత్తగారికి పాట వినిపించకుండా పోతే ప్రయాణం సాఫీగా సాగదు.

ఇన్ని చూసుకున్నాక కూడా తృప్తి లేకపోతే అప్పుడు డబ్బు తీయాలి. అప్పుడైనా మొదట తలుపు మీద పెట్టాలి. డోర్ ప్యాడ్ విప్పి చూస్తే లోపల బయటి రేకు ఒకటి, లోపలి రేకు ఒకటి. లోపలి రేకుకి చెయ్యి దూరేంత పెద్ద చిల్లులు, వాటి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం. స్పీకర్ ముందు నుంచి వచ్చే అలా, వెనక నుంచి వచ్చే అలా ఒకదానికొకటి ఎదురు. ఆ చిల్లుల్లోంచి వెనకది ముందుకొచ్చి కలిస్తే బేస్ చచ్చిపోతుంది. అందుకే బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్లు తెచ్చి, బయటి రేకు లోపలి వైపు కొన్ని ముక్కలు, లోపలి రేకు చిల్లులన్నీ మూసేలా మిగతావి అంటిస్తారు. వేలి కణుపుతో కొట్టి చూస్తే డబ్బా మోత పోయి మొద్దు చప్పుడొస్తుంది. తలుపు వేసినప్పుడు కూడా తేడా తెలుస్తుంది, రోడ్డు రొద కూడా కొంత తగ్గుతుంది. పని చేయించేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. తలుపు అడుగున వాన నీళ్లు పోయే చిల్లులుంటాయి, వాటిని మూసేస్తే నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. కొత్త స్పీకర్ లోతెక్కువదైతే అద్దం పూర్తిగా దించినప్పుడు దాని మాగ్నెట్‌కి తగులుతుంది, బిగించేముందే అద్దం దించి చూడాలి. స్పీకర్ కింద వేసే రింగు ఎండీఎఫ్ చెక్కదైతే రెండు వానాకాలాలకు ఉబ్బుతుంది, ప్లాస్టిక్‌దో రంగు బాగా పట్టించినదో అడగాలి. ప్యాడ్ క్లిప్పులు విరిగితే కొత్తవి వేయించుకోవాలి, విరిగిన క్లిప్పు దగ్గరే తర్వాత గరగర మొదలయ్యేది. వైర్లు కోయనివ్వకండి. ఆయా కారు మోడల్‌కి సరిపోయే కప్లర్లు దొరుకుతాయి, కోస్తే కంపెనీ వారంటీకి అదొక సాకవుతుంది.

స్పీకర్లు ఎంచుకునేటప్పుడు డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే 300 వాట్లు, 350 వాట్లు చూడొద్దు. కంపెనీ స్టీరియోతోనే నడపాలనుకుంటే సెన్సిటివిటీ చూడాలి. 88 డెసిబెల్స్ స్పీకర్‌కి బదులు 91 డెసిబెల్స్‌ది తీసుకుంటే సగం కరెంటుతోనే అంత చప్పుడొస్తుంది. స్టీరియో మీద రాసే 50 వాట్లు ఇంటూ 4 కూడా ఇలాంటిదే. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14.4 వోల్టులు, స్పీకర్ 4 ఓమ్‌లు. ఈ లెక్కన ఒక్కో స్పీకర్‌కి శుభ్రమైన పవర్ 26 వాట్లు దాటే వీలే లేదు, నష్టాలు పోను చేతికొచ్చేది పదిహేను నుంచి ఇరవై. వాల్యూమ్ ముప్పావు దాటగానే గొంతు చీలడానికి కారణం ఇదే. ముందు తలుపుల్లో కాంపొనెంట్ స్పీకర్లు, వాటికి చిన్న నాలుగు ఛానళ్ల యాంప్లిఫయర్ పెడితే మామూలు వాల్యూమ్‌లోనే పాట విశాలమవుతుంది. వెనక తలుపుల స్పీకర్లను ముట్టుకోనక్కర్లేదు.

వూఫర్ చివరికి. నిజానికి కారు కేబిన్ చిన్నది కావడం వల్ల 60, 70 హెర్ట్జ్ కింద బేస్‌ని తనంతట తానే పెంచుతుంది. తలుపులు సరిగా మూసి ఉంటే చాలామందికి అక్కడితో ఆకలి తీరుతుంది. డ్రమ్స్, ఎలక్ట్రానిక్ బేస్ ఎక్కువున్న కొత్త పాటలే వినేవాళ్లకు మాత్రం వూఫర్ ఉంటే మేలు. అప్పుడు కూడా సీటు కింద ఇమిడే ఎనిమిది అంగుళాల రకం, సొంత యాంప్లిఫయర్‌తో వచ్చేది తీసుకుని, 80 హెర్ట్జ్ దగ్గర కోత పెట్టి, అది ఉందని తెలియనంత లెవెల్‌లో ఉంచితే పాటకు నిండుదనం వస్తుంది. సీటు కింద దాకా బ్యాటరీ నుంచి వేసే వైరుకి, బ్యాటరీ దగ్గర అడుగులోపే ఫ్యూజు ఉండాలి, ఇది మాత్రం బేరమాడే విషయం కాదు. డిక్కీ నిండే పన్నెండు అంగుళాల పెట్టె కొనేముందు, సంక్రాంతికి ఊరినుంచి వచ్చేటప్పుడు బియ్యం బస్తా ఎక్కడ పెడతారో ఇంట్లో ఒకసారి అడిగి వెళ్లండి.